ఊదా, ఆకుపచ్చ, నలుపు: విలన్ బొమ్మలకు రంగు ఎందుకు కుదరదు?

కామిక్ పాత్రల చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే టేబుల్‌టాప్ ఆటల్లోకి కొత్తగా వచ్చినవాళ్లు సాధారణంగా ముందు హీరో బొమ్మలకు రంగు వేస్తారు. ఎరుపు, నీలం, అక్కడక్కడా పసుపు. అయ్యాక చూసుకుంటే ఫర్వాలేదు, బాగానే వచ్చింది అనిపిస్తుంది. ఆ ధైర్యంతో విలన్‌ను చేతిలోకి తీసుకుంటారు. అదే బ్రష్, అదే ఓపిక, గంటలు మాత్రం ఇంకా ఎక్కువ. తీరా టేబుల్ మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగితే అక్కడ కనిపించేది ఒక మురికి ముద్ద. దగ్గరికి తెచ్చుకుని చూస్తే అన్నీ ఉన్నాయి: కేప్ (భుజాల నుంచి వేలాడే గుడ్డ) మడతలు, బెల్టు బకిల్, కనుపాపలతో సహా. దూరం నుంచి మాత్రం ఏదీ విడిగా తెలియదు.

"చెయ్యి తిరిగితే అదే వస్తుందిలే" అని పక్కవాళ్లు సర్దిచెబుతారు. నా లెక్కలో ఇందులో చేతి తప్పు తక్కువ. విలన్ల రంగులు చౌక కాగితం మీద అచ్చు వేయడానికి ఎంచుకున్నవి. వాటిని ఉన్నవి ఉన్నట్టు నాలుగు సెంటీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మ మీదకు దించితే, పేజీలో వాటిని కాపాడిన ఏర్పాటు ఇక్కడ ఉండదు. ఆ ఏర్పాటు ఏమిటో, దాని బదులు ఏం చేయాలో తెలుసుకుంటే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

అచ్చు యంత్రం కుట్టిన వేషాలు

పాత కామిక్స్ నాలుగు ఇంకులతో అచ్చయ్యేవి: సయాన్, మజెంటా, పసుపు, నలుపు. గీతలన్నీ నలుపుతో. మిగతా మూడు ఇంకులనూ పావు వంతు, సగం, పూర్తి అనే మూడు మోతాదుల్లోనే వాడేవారు. అసలు వేయకపోవడాన్ని కూడా కలుపుకుంటే ఒక్కో ఇంకుకు నాలుగు దారులు. మూడు ఇంకులకూ లెక్క వేస్తే మొత్తం 64 రంగులు. దశాబ్దాల పాటు రంగులు వేసేవాళ్ల చేతిలో ఉన్నది అంతే. కాగితమేమో న్యూస్‌ప్రింట్, ఇంకును పీల్చేసుకునే రకం. సున్నితమైన ఛాయలు దాని మీద నిలవవు.

అందువల్ల గట్టి రంగులకే గిరాకీ. ఎరుపు, నీలం, పసుపు ముందుగా హీరోలు పట్టుకుపోయారు. హీరో పక్కన నిలబడి వేరే మనిషిలా కనబడాలంటే విలన్‌కు మిగిలినవి రెండేసి ఇంకులు కలిస్తే వచ్చే రంగులు: ఊదా, ఆకుపచ్చ, నారింజ. 1940లో బ్యాట్‌మాన్ పేరుతో వచ్చిన మొదటి సంచికలోనే జోకర్ ఊదా సూటు, ఆకుపచ్చ జుట్టుతో దిగాడు. 1964లో వచ్చిన స్పైడర్‌మాన్ శత్రువులు మిస్టీరియో, గ్రీన్ గాబ్లిన్ ఇద్దరికీ ఆకుపచ్చ, ఊదా జోడీనే. 1983లో సూపర్‌మాన్ శత్రువు లెక్స్ లూథర్‌కు తొడిగిన యుద్ధ కవచమూ అదే. ఇదేమీ రాసిపెట్టిన రూలు కాదు. గ్రీన్ లాంటర్న్ హీరో, అయినా ఆకుపచ్చే. ఎక్స్‌మెన్ కథల విలన్ మాగ్నెటోకు ఎరుపు, ఊదా. హల్క్ సంగతి సరేసరి, ఒళ్లు ఆకుపచ్చ, ప్యాంటు ఊదా.

హల్క్ రంగు వెనక ఉన్న కథ తెలిస్తే అచ్చు యంత్రం పెత్తనం ఎంతో అర్థమవుతుంది. 1962 నాటి మొదటి సంచికలో అతనిది బూడిద రంగు. ఆ పద్ధతిలో బూడిద రంగు రావాలంటే ఇంకులన్నీ సమతూకంగా పడాలి, ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా ఛాయ మారిపోతుంది. పేజీ పేజీకీ ఒక్కో రకంగా వచ్చేసరికి రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేసేశారు. అంత పేరున్న పాత్ర ఒంటి రంగును తేల్చింది ప్రింటింగ్ ప్రెస్సు.

నలుపుదీ ఇలాంటి వ్యవహారమే. ఒంటినిండా నల్ల ఇంకు పూసేస్తే కండలు, మడతలు చూపించే గీతలు అందులో మునిగిపోతాయి. అందుకని వెలుగు పడే చోట్ల నీలం వదిలేవారు. బ్యాట్‌మాన్ కేప్‌లోని నీలం అలా వచ్చిందే. 1988లో స్పైడర్‌మాన్ మీదికి వచ్చిన వెనమ్ ఒంటి మీద కనిపించే నీలి మెరుపులదీ అదే వరస.

నల్ల గీత లేని చోట

పేజీలో ఊదా పక్కనే ఆకుపచ్చ పెట్టినా రెండూ కలిసిపోవు. కారణం వాటి మధ్య ఉన్న నల్ల గీత. చేతికీ కేప్‌కీ మధ్య, గడ్డానికీ మెడకీ మధ్య ఆ గీత కంచె వేసినట్టు నిలబడి రంగులను విడదీస్తుంది. కామిక్ రంగులు బాగున్నాయని మనం అనుకునేదాంట్లో సగం గొప్పతనం ఆ గీతదే. బొమ్మ మీద ఆ గీత ఉండదు.

రెండో కారణం వెలుతురు. నిజం మనిషి తొడుక్కున్న కేప్‌లో మడతలు నాలుగు వేళ్ల లోతు ఉంటాయి, వాటిలో నీడ తనంతట తానే నిండుతుంది. బొమ్మ మీద అదే మడత మిల్లీమీటరు లోతు ఉంటే గొప్ప. గదిలోని వెలుతురు అన్ని వైపుల నుంచీ దూరి ఆ కాస్త నీడనూ చెరిపేస్తుంది. అంటే వెలుగునూ నీడనూ కూడా రంగుతోనే వేయాలి. హీరోక్లిక్స్ అని 2002లో మొదలైన ఆట ఉంది, అందులో బొమ్మలు ఫ్యాక్టరీలోనే రంగు వేసుకుని వస్తాయి. వాటిలో పాతవాటిని చూడండి: చాలావాటికి ఒక్కో భాగానికి ఒక్కో రంగు, అంతే. ఎవరో గుర్తుపట్టడానికి ఢోకా లేదు, కానీ మడతలు ఉన్నట్టే తెలియదు.

ఇక మూడోది, అసలైనది: రంగుల్లోని ముదురు-లేత తేడా. గట్టి రంగులన్నిటిలో పసుపు అన్నిటికంటే లేత, ఊదా అన్నిటికంటే ముదురు. హీరో వేషంలో నీలం ముదురు, ఎరుపు మధ్యస్థం, పసుపు లేత. మీరు ఏమీ ఆలోచించకపోయినా మూడు మెట్లు వాటంతట అవే ఏర్పడతాయి. విలన్‌కు ఆ అదృష్టం లేదు. సీసాల్లో దొరికే మామూలు ఊదా, మామూలు ఆకుపచ్చ రెండూ దాదాపు ఒకే మెట్టు మీద కూర్చుంటాయి. వాటి మీద నల్లటి వాష్ (గాడుల్లోకి పారే పల్చటి రంగు) ఒకటి కుమ్మరిస్తే ఇంకాస్త దగ్గరవుతాయి. చేయి చాచినంత దూరం నుంచి కన్ను ముందు పట్టుకునేది ముదురునూ లేతనూ. రంగు పేరు ఆ తర్వాత.

నమ్మకం కుదరకపోతే ఫోన్‌తో బొమ్మను ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. మొహం, చొక్కా, కేప్ మూడూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఇంక ఎన్ని హైలైట్లు (వెలుగు పడే చోట వేసే లేత గీతలు) గీసినా లాభం లేదు. నేనైతే రంగు వేయడం సగంలో ఉండగానే ఈ ఫొటో తీస్తాను. అంతా అయ్యాక తీస్తే బాధ తప్ప ఉపయోగం ఉండదు.

కాబట్టి సీసా మూత తీయడానికి ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ బొమ్మలో ఏది లేత, ఏది ముదురు? గ్రీన్ గాబ్లిన్‌కైతే ఒంటి ఆకుపచ్చను పసుపు వైపు, చొక్కా ఊదాను నలుపు వైపు నెట్టేస్తే మొహం, చేతులు దూరం నుంచే పలుకుతాయి. మిస్టీరియోకు దీన్ని తిరగేయాలి. అతని మొహం అంటే గాజు బుర్రే, అది ఎలాగూ అన్నిటికంటే లేత. కింద ఆకుపచ్చ సూటును బాగా ముదురు చేసి, కేప్‌ను వెలుగులోకి తెస్తే చూపు తిన్నగా పైకి వెళ్తుంది. రెండు బొమ్మలకూ రంగులు అవే, ఏర్పాటు మాత్రం పూర్తిగా తలకిందులు.

ప్రాక్టీసుకు మార్వెల్: క్రైసిస్ ప్రోటోకాల్ ఆట మొదటి పెట్టె చాలు. ఆటమిక్ మాస్ గేమ్స్ దీన్ని 2019లో తెచ్చింది. అప్పటి ఆ పెట్టెలోని పది పాత్రల్లో ఐదుగురు విలన్లు: రెడ్ స్కల్, అల్ట్రాన్, డాక్టర్ ఆక్టోపస్, బారన్ జీమో, క్రాస్‌బోన్స్. ఎర్రటి పుర్రె మొహం, ఒళ్లంతా లోహం, ఆకుపచ్చ-నారింజ, ఊదా ముసుగు, నల్లటి దుస్తులు. ఎదురవ్వాల్సిన చిక్కులన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఎదురవుతాయి. పైగా ఈ బొమ్మలు మామూలు వార్‌గేమ్ బొమ్మల కంటే పెద్దవి, సుమారు 40 మిల్లీమీటర్ల స్కేల్. పెద్దవి కదా సులువనుకుంటాం. నిజానికి కేప్‌లాంటి వెడల్పు భాగాల్లో తప్పులు దాచుకోవడానికి చోటుండదు.

ఒక ఊదా కేప్

ఊదాతో వచ్చే తంటా ఒక కేప్ మీద చూద్దాం. అందరూ చేసేది ఏమిటంటే, ఊదా పూసి, హైలైట్ కోసం అందులో తెలుపు కలుపుతారు. తెలుపు కలిసిన ఊదా సుద్దపొడి అద్దినట్టు పాలిపోతుంది. క్రూరుడైన విలన్ కాస్తా చిన్నపిల్లల గది గోడ రంగులోకి వచ్చేస్తాడు.

తెలుపు బదులు రెండు దారులున్నాయి. మజెంటా లేదా గులాబీ రంగు కలిపితే ఊదా వెచ్చబడుతుంది, వెల్వెట్ గుడ్డలా కనిపిస్తుంది. లేత నీలం కలిపితే చల్లబడుతుంది, రాత్రిపూట వీధిలో నిలబడ్డట్టు ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకుని చివరి వరకూ దాన్నే పట్టుకోవాలి. ఒక మడత మీద గులాబీ, ఇంకో మడత మీద నీలం వేస్తే అది రెండు గుడ్డలు కుట్టినట్టు ఉంటుంది.

కేప్‌లో ఒక్క మడతనే తీసుకోండి. ముందు మొత్తం ముదురు ఊదా, నీళ్లు కలిపి పల్చగా రెండు పూతలు. ఆరాక మడత లోపలి గాడిలో ఊదా, ముదురు నీలం కలిపిన నీడ. అది పైకి పాకకూడదు, గాడిలోనే ఉండాలి. మడత శిఖరానికి రెండు పక్కలా కాస్త చోటు వదిలి, మజెంటా కలిపిన ఊదాతో ఒక పట్టీ. దాని లోపల ఇంకాస్త సన్నగా, ఇంకాస్త గులాబీతో మరో పట్టీ. చివరగా శిఖరం మీద, భుజానికి దగ్గరగా ఉన్న చోట మాత్రమే, వెంట్రుకంత లేత గులాబీ గీత. కింది అంచుకు వచ్చేసరికి ఆ గీత ఉండదు. వెలుగు పై నుంచి వస్తోంది కాబట్టి భుజం దగ్గర మెరుపు ఎక్కువ, కాళ్ల దగ్గర తక్కువ. ఈ ఒక్క విషయం పాటించినవాళ్ల బొమ్మకు, ప్రతి అంచు మీదా సమానంగా గీతలు గీసినవాళ్ల బొమ్మకు ఉన్న తేడా గదిలో అవతలి మూల నుంచి కూడా తెలుస్తుంది.

పట్టీల మధ్య గీత గీసినట్టు కనిపిస్తోందా? అసలు ఊదాలో నీళ్లు బాగా కలిపి, దాదాపు రంగు నీళ్లలా చేసి, బ్రష్‌ను టిష్యూ మీద ఒత్తి తుడిచి, ఆ హద్దుల మీదుగా లాగండి. దీన్నే గ్లేజ్ అంటారు. బ్రష్ తుడవకపోతే అది గ్లేజ్ కాదు, వరద.

ఆకుపచ్చకు హైలైట్ పసుపుతో, ఇక్కడ తెలుపు ఊసే వద్దు. నీడకు మాత్రం నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది: ఆకుపచ్చ నీడలోకి కేప్ ఊదానే కొంచెం కలపడం. రెండూ కలిసి మసక ముదురు రంగు అవుతాయి. ఆకుపచ్చకూ ఊదాకూ నీడ ఒక్కటే అయ్యేసరికి, ఎంత గొడవపడే రంగులైనా ఒకే మనిషి ఒంటి మీద ఉన్నట్టు కుదురుకుంటాయి. ఆ మసక రంగునే పల్చగా చేసి, రెండు భాగాలు కలిసే చోట సన్నటి గీతగా వేస్తే, పేజీలోని నల్ల గీత చేసిన పని ఇక్కడ గుట్టుగా జరిగిపోతుంది. పచ్చి నలుపుతో గీస్తే మాత్రం గీతగానే కనబడుతుంది.

డాక్టర్ ఆక్టోపస్ నారింజ దగ్గర మరో ఇబ్బంది. పసుపు, నారింజ, కొన్ని ఎరుపులు కింద ఉన్నదాన్ని సరిగ్గా కప్పవు. నల్ల ప్రైమర్ (రంగుల కంటే ముందు బొమ్మకు వేసే పూత) మీద పసుపు ఐదుసార్లు పూసినా బురద పసుపే. కింద ముందు గోధుమ రంగో లేత గులాబీయో వేసి, దాని మీద పసుపు లేదా నారింజ పూస్తే రెండు పూతల్లో నిండుగా వస్తుంది. సీసా మంచిది కాదని తిట్టుకునే ముందు అడుగు పూత మార్చి చూడాలి.

ప్రైమర్ విషయంలో విలన్లకు బాగా నప్పే పద్ధతి ఒకటి. బొమ్మ మొత్తానికి నలుపు స్ప్రే కొట్టి, ఆరాక పై నుంచి ఏటవాలుగా తెలుపు స్ప్రే కొట్టడం. జెనిథల్ అంటారు. వెలుగు ఎక్కడ పడాలో మ్యాపు గీసి ఇచ్చినట్టు ఉంటుంది. దీని మీద గేమ్స్ వర్క్‌షాప్ 2019లో తెచ్చిన కాంట్రాస్ట్ లాంటి పారే రంగులు ఒక్క పూతతోనే నీడనూ వెలుగునూ ఇస్తాయి. గాబ్లిన్ ఒంటి పొలుసుల మీద ఇవి అద్భుతం. వెడల్పాటి కేప్ మీద, నున్నటి కోటు మీద మాత్రం మరకలు మరకలుగా ఆరతాయి. గరుకు ఉన్న చోట వాడండి, నునుపు ఉన్న చోట మానండి.

నలుపు నల్లగానే ఉండాలి

వెనమ్‌కు రంగు వేయడం తేలికని చాలామంది అనుకుంటారు, ఎటూ నలుపే కదా అని. నల్ల ప్రైమర్ కొట్టి వదిలేస్తే బొమ్మలో ఒక చీకటి గుంత మిగులుతుంది. భయపడి బూడిద రంగుతో హైలైట్లు ఎక్కువ పెడితే బూడిద రంగు వెనమ్ వస్తాడు. ఈ రెండిటి మధ్య దారి చాలా ఇరుకు.

ఒంట్లో ముప్పాతిక భాగం నల్లగానే ఉండిపోవాలి. మిగతా పావు భాగంలో మెరుపు ఎలా పెట్టామన్న దాన్ని బట్టే అది గుడ్డా, తోలా, జిగురా అన్నది కన్ను నిర్ణయించుకుంటుంది. గుడ్డకు మెరుపు వెడల్పుగా, మెల్లగా నలుపులోకి కరిగిపోతుంది, ఎక్కడా తెల్లబడదు. తోలుకు ఇంకాస్త చిన్నది, ఇంకాస్త పదును, అంచుల దగ్గర గీతలు. వెనమ్ లాంటి జిగట ఒంటికి మెరుపు చాలా చిన్నది, అంచు కత్తిరించినట్టు ఉంటుంది, మధ్యలో దాదాపు తెలుపు. నలుపు నుంచి తెలుపుకు రెండే మెట్లు. భుజం గుండ్రం మీద, ఛాతీ కండ పైభాగాన, తొడ మీద ఒక్కో మెరుపు చాలు. క్రాస్‌బోన్స్ దుస్తులకు ఇదే పద్ధతి వాడితే ప్లాస్టిక్ కోటు వేసుకున్నట్టు ఉంటాడు, అతనికి గుడ్డ లెక్కే సరి.

ఆ మెరుపులో నీలం వేయాలా, బూడిద రంగా? పాత పేజీల రుచి కావాలంటే నీలం. ఇక్కడ అచ్చు యంత్రం చేసిన సర్దుబాటు బొమ్మ మీద కూడా చక్కగా పని చేస్తుంది, చల్లటి మెరుపు తడి ఒంటిని గుర్తు చేస్తుంది కాబట్టి. పళ్లకు మాత్రం తెలుపు వద్దు. ఎముక రంగుతో మొదలుపెట్టి కొసకు వచ్చేసరికి లేత చేయండి. చిగుళ్ల దగ్గర ముదురు ఎరుపు. అంతా అయ్యాక నాలుక మీద మాత్రం మెరిసే (గ్లాసీ) వార్నిష్ చుక్క. మిగతా ఒళ్లంతా మెరుపు లేకుండా మ్యాట్‌గా ఉండి నాలుక ఒక్కటే తడిగా మెరిస్తే ఎదుటి ఆటగాడు దాన్ని ముట్టుకోవడానికి కూడా జంకుతాడు.

తెలుపుకూ ఇదే లెక్క తిరగేసి వాడాలి. కింగ్‌పిన్ అనే విలన్ తెల్ల కోటును లేత బూడిద రంగుతో మొదలుపెట్టి, అచ్చమైన తెలుపును కాలర్ అంచుకు, భుజాలకు దాచుకోవాలి. మొదట్లోనే తెలుపు పూసేస్తే అంతకంటే పైకి వెళ్లడానికి మెట్టు మిగలదు.

మొహం, కింది నుంచి వెలుగు

జోకర్ మొహం చూడండి. అది మనిషి చర్మం మీద పూసిన తెలుపైనా, తెల్లబడిపోయిన చర్మమే అయినా, బొమ్మ మీద చేసే పని ఒకటే. అడుగున నీలం కలిసిన లేత బూడిద రంగు. కళ్ల గుంటల్లో, బుగ్గ ఎముక కింద కొంచెం ఊదా లేదా ఆకుపచ్చ మసక. అతని సూటు, జుట్టు రంగులే మొహం నీడలోకి వస్తే మొహం ఒంటి నుంచి విడిపోయి తేలదు. తర్వాత నుదురు, ముక్కు దూలం, బుగ్గ ఎముక, గడ్డం ముందు భాగం లేతగా. అచ్చమైన తెలుపు ముక్కు కొనకూ కనుబొమ పైనకూ మాత్రమే. పెదాల ఎరుపు నోటి మూలల్ని కాస్త దాటి పైకి పోవాలి, అదే ఆ నవ్వు. అయితే అది లిప్‌స్టిక్‌లా నిగనిగలాడితే విదూషకుడవుతాడు, ముదురు ఎరుపులో ఉంటే హంతకుడవుతాడు.

కళ్ల దగ్గర టెన్షన్ పడనివాళ్లు ఉండరు. తెలుపు వేసి మధ్యలో నల్ల చుక్క పెడితే బొమ్మ ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తుంది. పై రెప్ప గీత ముదురుగా వేసి, కనుపాపను ఆ గీతకు ఆనించి, రెండు కళ్లూ ఒక పక్కకు చూస్తున్నట్టు పెడితే ఆ బెదురు పోతుంది, కుట్ర వస్తుంది. రెడ్ స్కల్ లాంటి మొహానికైతే కళ్ల కంటే గుంటలు ముఖ్యం. గుంటను దాదాపు నల్లటి ఎరుపుతో నింపి, చుట్టూ ఎముక అంచును నారింజతో లేత చేస్తే చాలు, లోపల ఏముందో ఎవరూ అడగరు.

మనం మొహాలను ఎప్పుడూ పై నుంచి పడే వెలుగులో చూస్తాం. అదే వెలుగు కింది నుంచి వస్తే ముక్కు, కనుబొమల నీడలు తలకిందులై, బాగా తెలిసిన మొహం కూడా కొత్తగా, భయంగా కనబడుతుంది. విలన్ చేతిలో బాంబో, మెరిసే గోళమో ఉన్నప్పుడు ఆ వెలుగు మొహం మీద పడినట్టు వేయాలన్న ఆశ అందుకే పుడుతుంది. దీన్ని ఓఎస్‌ఎల్ (ఆబ్జెక్ట్ సోర్స్ లైటింగ్) అని పిలుస్తారు. సూత్రాలు సులువే: వెలుగిచ్చే వస్తువే అన్నిటికంటే లేతగా ఉండాలి, దాని వైపు తిరిగిన భాగాలకే రంగు తగలాలి, దూరం పెరిగేకొద్దీ అది గబగబా తగ్గిపోవాలి. చెడిపోయేది మరో చోట. బొమ్మ మొత్తం పట్టపగటి వెలుగులో వేసి, చివర్లో చేతి చుట్టూ ఆకుపచ్చ పొగలా పూస్తారు. పగటిపూట వెలిగించిన దీపం ఎవరికి కనబడుతుంది? వెలుగు కనబడాలంటే మిగతా ఒళ్లంతా ముందే రెండు మెట్లు దించాలి. అంత ధైర్యం లేకపోతే దీన్ని మానేయడం మేలు. అల్ట్రాన్ కళ్లు, నోటి ఎరుపుకు అంత సాహసం అక్కర్లేదు. లోపల నారింజ-పసుపు, చుట్టూ లోహం మీద అర మిల్లీమీటరు ఎరుపు, అక్కడితో ఆపేయాలి.

అల్ట్రాన్ ఒంటి లోహం గురించి వాదనలు చాలా ఉన్నాయి. మామూలు రంగులతోనే లోహం భ్రమ తెప్పించడం ఒక గొప్ప విద్య, సందేహం లేదు. కానీ అందులో మెరుపులు ఒక కోణానికి కట్టుబడి ఉంటాయి. ఆటలో బొమ్మను నాలుగు వైపుల నుంచీ చూస్తారు, తిప్పుతారు, లేపుతారు. అందుకే ఆడే బొమ్మకు లోహపు రంగే నా ఓటు. ముదురు వాష్ వేసి, అంచుల మీద మాత్రం వెండి. ఆక్టోపస్ చేతులకు కీలు కీలుకూ మధ్య నీడ వదిలితే చాలు, అవి వాటంతట అవే పాకుతున్నట్టు ఉంటాయి.

ఆట బల్ల మీద

క్రైసిస్ ప్రోటోకాల్‌ను మూడడుగుల చదరపు బల్ల మీద ఆడతారు. ఒక్కో పక్షానికి కొద్దిమందే, కాబట్టి ఒక్కో బొమ్మ మీద ఎక్కువ సమయం పెట్టొచ్చు. అయితే ఒక జట్టులో ఊదా ముసుగు, ఎర్ర పుర్రె, వెండి రోబో, ఆకుపచ్చ డాక్టర్ కలిసి నిలబడతారు. వాళ్లను ఒక ముఠాగా చూపించేది కింది బేస్, అంటే బొమ్మ నిలబడే చిన్న పీట. అందరికీ ఒకే తారు రోడ్డు, ఒకే పగిలిన సిమెంటు, ఒకే దుమ్ము రంగు. బేస్ రంగులు కావాలనే చప్పగా ఉంచాలి. అక్కడ ఎర్ర ఇటుకలు, పచ్చగడ్డి పెట్టి ముస్తాబు చేస్తే అది మన విలన్ తోనే పోటీకి దిగుతుంది. పాదాల మీద కూడా అదే దుమ్ము పొడిబ్రష్‌తో (రంగును దాదాపు తుడిచేసిన బ్రష్) కొద్దిగా తగిలిస్తే బొమ్మ ఆ నేల మీదే నడిచినట్టు ఉంటుంది.

వార్నిష్ ఎగ్గొట్టకండి. వేళ్ల జిడ్డు, రాపిడి ముందు ముక్కు కొన, కేప్ అంచు, వేళ్ల చివర్లను తినేస్తాయి, అంటే మీరు హైలైట్ పెట్టిన చోట్లనే. వాతావరణం తేమగా ఉన్నప్పుడు స్ప్రే వార్నిష్ కొడితే బొమ్మ మీద తెల్లటి మంచు పొర దిగుతుంది. ఆ రోజుల్లో బ్రష్‌తో పూసే రకం వాడుకోవాలి.

చివరికి ఒక ప్రశ్న మిగులుతుంది. పేజీ నుంచి దూరం జరగడానికి ఇంత అవస్థ ఎందుకు, బొమ్మ మీదే నల్ల గీతలు గీసి అచ్చం పేజీలా చేసేయొచ్చు కదా? చేయొచ్చు, చేసేవాళ్లు ఉన్నారు. ఒక్కో రంగుకు రెండే మెట్లు, వాటి మధ్య పదునైన హద్దు, అంచులన్నిటికీ నల్ల గీత, నీడల్లో పాత అచ్చు చుక్కలు. బాగా కుదిరితే కాగితం నుంచి లేచి వచ్చినట్టే ఉంటుంది. గ్లేజుల అవసరం లేదు కానీ గీత వణికితే దాచుకునే వీలూ లేదు. పైగా గీత మందం దూరానికి సరిపోవాలి: వెంట్రుకంత ఉంటే బల్ల అవతలి నుంచి కనబడదు, మిల్లీమీటరు ఉంటే చిన్న మొహాన్ని మింగేస్తుంది. ఈ దారి పట్టేవాళ్లు ముందు బేస్ మీద రాళ్లకు గీతలు గీసి చెయ్యి చూసుకోవడం మంచిది. ఒక్క జోకర్‌కో వెనమ్‌కో ఇలా వేసి మిగతా ముఠాకు మామూలుగా వేస్తే రెండు రకాలూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. వేస్తే జట్టంతటికీ వేయాలి, బల్ల మీద నిలబెట్టే చెత్తకుండీకి, వీధి దీపానికి కూడా.